2147483647 మీద సెమినార్ ఇవ్వబోయే మేనల్లుడికి

అల్లుడూ,

సెమినార్‌కి 2³¹−1 తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి పని చేశావు. 2024లో దొరికిన 4 కోట్ల పైచిలుకు అంకెల ప్రధాన సంఖ్య గురించి చెబితే అందరూ నోరు తెరుచుకుని వింటారు గానీ, బోర్డు మీద చేసి చూపించడానికి అందులో నీకేం దొరకదు. 2147483647కి పది అంకెలే. ఇది ప్రధాన సంఖ్యేనని ఆయిలర్ చేతిలెక్కతోనే తేల్చేశాడు. 1772లో ఆ సంగతి అచ్చయింది.

2ని ఏదో ఒక ప్రధాన సంఖ్య ఘాతానికి ఎత్తి 1 తీసేస్తే వచ్చేవి మెర్సెన్ సంఖ్యలు. అవన్నీ ప్రధానాలే కాబోలనుకుంటారు మీ క్లాసులో సగం మంది. కాదు. 2¹¹−1 అంటే 2047, అది 23 × 89. ఎవరో అడిగేదాకా ఆగకుండా ముందే బోర్డు మీద రాసెయ్, ఎందుకంటే నీకు కావలసిన కిటుకు అక్కడే ఉంది. 23లో 1 తీసేస్తే 22, 89లో 1 తీసేస్తే 88. రెండూ 11కి రెట్టింపైన 22తో పోతాయి. మన సంఖ్యకి ఘాతం 31 గనక, దాని ప్రధాన కారణాంకాన్ని 62తో భాగిస్తే 1 మిగలాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. మొదటి షరతుకి ఫెర్మా చిన్న సిద్ధాంతం చాలు: p బేసి ప్రధాన సంఖ్యయితే, 2ని p−1 ఘాతానికి ఎత్తి pతో భాగిస్తే 1 మిగులుతుంది. రెండోదానికి వర్గ శేషాలు, అంటే వర్గాలని భాగిస్తే మిగిలే శేషాల లెక్క, కావాలి, టైమ్ లేకపోతే రుజువు వదిలెయ్.

మన సంఖ్య ప్రధానం కాకపోతే దాని వర్గమూలం లోపే ఒక ప్రధాన కారణాంకం ఉండాలి. ఆ వర్గమూలం 46,340 దాటి కాస్త. అంతవరకూ ప్రధాన సంఖ్యలు దాదాపు 4,800. ఈ రెండు షరతులూ పెడితే వందలోపే మిగులుతాయి. 1,300 లోపైతే ఒక్క 311 తప్ప ఏదీ నిలవదు!

ఆ 311తో అంత పెద్ద భాగహారం పెట్టుకోకు. 2ని వర్గం చేసుకుంటూ, 311తో భాగించిన శేషమే ఉంచుకుంటూ పో: 4, 16, 256. 256 బదులు 311 తీసేసి −55 రాసుకుంటే లెక్క చిన్నదవుతుంది. దాని వర్గం 3025, శేషం 226, అంటే −85. దాని వర్గం 7225, శేషం 72. ఐదుసార్లు వర్గం చేశాం కాబట్టి ఇది 2³² శేషం. మన సంఖ్యని 311 భాగించేదే అయితే 2³¹ శేషం 1 అవుతుంది, కాబట్టి ఇక్కడ 2 రావాలి. రాలేదు, 311 అవుట్. తరవాత వచ్చేవి 1303, 1489. వాటిని ఇంట్లో చేసుకుని వెళ్లు, బోర్డు దగ్గర టెన్షన్ ఉండదు.

మిగతావి కంప్యూటర్‌కి అప్పగించు. కాకపోతే ఒక మెలిక ఉంది. మామూలు 32 బిట్ల ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా ఇదే. భాజకం వర్గం దీన్ని దాటగానే లూప్ ఆగాలని రాస్తావు. 46341 వర్గం 2147488281. అది అందులో పట్టక మైనస్‌లోకి తిరిగిపోతుంది, లూప్ ఆగనే ఆగదు. 64 బిట్లు వాడు.

2తో ఫెర్మా పరీక్ష, అంటే 2ని n−1 ఘాతానికి ఎత్తి nతో భాగిస్తే 1 మిగులుతుందా అని చూడడం, సరిపోదా అని ఎవరైనా అంటే, అందులో 2047 కూడా పాసవుతుందని చెప్పు. మెర్సెన్ సంఖ్యల కోసమే ఉన్న లూకాస్-లేమర్ పరీక్ష అలా మోసపోదు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. 2⁵−1కి చేస్తే 4, 14, 8, 0. చివర సున్నా వస్తే ప్రధానం. మన సంఖ్యకి ఇదే పని 29 సార్లు. ఆ 4 కోట్ల అంకెలదాన్నీ దీంతోనే ఖాయం చేశారు.

స్లయిడ్లు తయారయ్యాక నాకు పంపు. 1303కీ 1489కీ వచ్చిన శేషాలు కూడా రాయి, సరిచూస్తాను.

మీ పెద్ద మామయ్య