రిపోర్ట్‌లో మెట్/మెట్ వచ్చినంత మాత్రాన కంగారొద్దు

జీన్ టెస్ట్‌లో సీఓఎంటీ మెట్/మెట్, సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ షార్ట్ అని వచ్చింది, ఇక నాకు యాంగ్జైటీ రాసిపెట్టి ఉన్నట్టేనా అని అడిగారు కదా. లేదండీ, అంత సీన్ లేదు.

సీఓఎంటీ అంటే డోపమైన్‌ని (మెదడులో సంకేతాలు మోసే రసాయనం) విరగ్గొట్టే ఎంజైమ్, అందులో 158వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం బదులు మెథియోనిన్ (పొట్టిగా మెట్; జీన్ రెండు కాపీల్లోనూ అదే ఉంటే మెట్/మెట్) ఉంటే ఆ ఎంజైమ్ నెమ్మదిగా పనిచేస్తుంది, దాంతో మెదడు ముందు భాగంలో డోపమైన్ కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, దీనివల్ల వర్కింగ్ మెమరీకి (అప్పటికప్పుడు విషయాలు మనసులో పెట్టుకునే శక్తికి) లాభమని కూడా కొన్ని స్టడీలు అన్నాయి, మరి ఆ ముక్క మీకెవరూ చెప్పినట్టు లేదు!

ఇక షార్ట్ సంగతి, అంటే సెరటోనిన్ అనే మరో మెదడు రసాయనాన్ని కణాల్లోకి వెనక్కి చేర్చే ట్రాన్స్‌పోర్టర్ జీన్‌లో పొట్టి రకం. 2002లో హరీరి అనే పరిశోధకుడి టీమ్ 28 మందికి భయపడుతున్న మొహాలు చూపిస్తూ స్కాన్ తీస్తే, షార్ట్ ఉన్నోళ్లలో అమిగ్డలా (మెదడులో భయాన్ని పసిగట్టే భాగం) ఎక్కువ స్పందించింది. 28 మందే! తర్వాత ఎక్కువమందితో చూస్తే ఆ తేడా బాగా చిన్నదైపోయింది. 2019లో లక్షల మంది డేటాతో డిప్రెషన్ జీన్స్ అని పేరుపడ్డ 18 జీన్స్‌ని (మీ రిపోర్ట్‌లోని రెండూ వాటిలో ఉన్నవే) పరీక్షిస్తే మామూలు జీన్స్ కన్నా వీటికి ప్రత్యేకత ఏం కనపడలేదు. పైగా స్కాన్‌లో తేడా ఉంటే అది జబ్బూ కాదు.

ఆ కాగితం చూసి సప్లిమెంట్లు మొదలెట్టకండి, వాడే మందులు ఆపకండి. నిద్ర పట్టనంత ఆందోళన ఉంటే డాక్టర్ని కలవండి, జీన్ ఏదైనా సరే, డాక్టర్ అడిగేది మీ లక్షణాల గురించే.