గర్భంతో వచ్చిన బీపీ కాన్పుతోనే పోతుందా?

ఏడవ నెలలో బీపీ 150/100 వచ్చిందని, డాక్టరు లాబెటలాల్ మాత్రలు రాశారని, ఇంట్లో పెద్దలు మాత్రం ఉప్పు మానేస్తే చాలు, కాన్పుతో అదే పోతుంది అంటున్నారని, ఎవరి మాట వినాలని మీరు అడిగారు. డాక్టరు మాటే వినండి, మాత్రలు మానవద్దు. ఇది ఉప్పు తెచ్చిన జబ్బు కాదు. మాయకు (కడుపులో బిడ్డను పోషించే ప్లాసెంటాకు) రక్తం అందించే నాళాలు తొలి నెలల్లో సరిగా విప్పారకపోతే, ఆ మాయ నుండి వెలువడే పదార్థాలు తల్లి రక్తనాళాలను దెబ్బతీస్తాయి. మూత్రంలో ప్రొటీన్ పోవడం, కాలేయం, మెదడు దెబ్బతినడం కూడా దాని వలననే.

పెద్దల రెండవ మాట గురించి మాత్రం నేను వివరంగా చెప్పాలి. మాయ బయటపడితేనే జబ్బు తగ్గుముఖం పడుతుందన్నది నిజమే, కాని అది మర్నాటికే తగ్గిపోదు. కాన్పయిన మూడు నుండి ఆరు రోజుల మధ్య బీపీ మళ్ళీ పెరగడం తరచుగా జరిగేదే.

మా చెల్లెలికి సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రమాదం వచ్చింది. బిడ్డ క్షేమంగా పుట్టింది, ఆసుపత్రి నుండి పంపించేశారు, మందు పాలలోకి దిగుతుందని ఎవరో అనడంతో మాత్రలు ఆపేశారు. ఇంకా పురుడు కూడా చేయలేదు. ఒక సాయంత్రం తల పగిలిపోతున్నదని ఏడ్చింది. పచ్చి బాలింతకు చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టారు. కొంతసేపటికి దీపం చుట్టూ మెరుపులు కనిపిస్తున్నాయని, పక్కటెముకల కింద కుడివైపు పట్టేసినట్లున్నదని చెప్పింది. ఇంట్లో మా నాన్నగారి బీపీ మిషను ఉండబట్టి చూశాము: 174/112. వెంటనే 108కి ఫోన్ చేశాము. ఆసుపత్రిలో ఫిట్స్ రాకుండా ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టి, రెండు పిరుదులకూ లోతుగా ఇంజెక్షన్లు ఇచ్చారు. ఒళ్ళంతా వేడెక్కిపోతున్నదని అది మూలుగుతూనే ఉన్నది. ఆ రాత్రంతా నర్సు మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి కాలు కదులుతున్నదా అని చూస్తూ, శ్వాస లెక్కపెడుతూ, మూత్రం సంచి కొలుస్తూ కూర్చున్నది; మెగ్నీషియం ఎక్కువైతే ముందుగా మోకాలి కదలిక పోతుందట. గుర్రపువాతం, అంటే ఈ బీపీతో వచ్చే ఫిట్స్, రాకుండా గట్టెక్కింది. పాలిచ్చే తల్లులు వాడదగిన బీపీ మాత్రలు ఉన్నాయని, అది మానేసినవీ అటువంటివేనని డాక్టరు చెప్పినప్పుడు మా అమ్మ ముఖం చూడలేకపోయాను.

డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు, మళ్ళీ రావలసిన తేదీ తప్ప, తలనొప్పి వస్తే పరుగెత్తుకురమ్మన్న ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఓపీలో మెట్లెక్కి వచ్చిన గర్భిణికి కూర్చునే వ్యవధి కూడా ఇవ్వకుండా జాకెట్టు చేతి మీదనే పట్టీ చుట్టి కొలిచే అలవాటు కూడా అంతే. ఐదు నిమిషాలు ఊరక కూర్చున్నాక, వట్టి చేతికి, చేతి లావుకు సరిపోయే పట్టీతో కొలిస్తేనే ఆ అంకెను నమ్మవచ్చు. చేయి లావుగా ఉండి పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

కాబట్టి మీరు ఇంట్లో ఒక మిషను ఉంచుకుని, రోజూ చూసి, పుస్తకంలో రాసి, ప్రతి పరీక్షకు తీసుకువెళ్ళండి. మూత్ర పరీక్ష చేయకుండా పంపించేస్తే అడిగి చేయించుకోండి. పై అంకె 160 గాని, కింది అంకె 110 గాని చేరినా, అంకె ఎంత ఉన్నా సరే తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ఆయాసం, ఉన్నట్టుండి ముఖం వాయడం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి కనిపించినా, తెల్లవారేదాకా ఆగవద్దు. కాన్పు తరువాత ఇదే జాగ్రత్త ఆరు వారాలు పాటించండి. మరో గర్భం వచ్చినప్పుడు తొలి పరీక్షలోనే ఈ సంగతి చెప్పండి. ఈ జబ్బు మళ్ళీ వచ్చే అవకాశం తగ్గించడానికి మూడవ నెల దాటగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలా అన్నది డాక్టరు అప్పుడే నిర్ణయించాలి, పదహారు వారాలు దాటాక మొదలుపెడితే అంత ఫలితం ఉండదు.