అమ్మానాన్నలతో ఐదు రోజులు దుబాయ్: మొదటి రోజు క్రీక్‌కే వెళ్లండి

డిసెంబరులో రాయగడ నుంచి అమ్మానాన్నలను తీసుకుని, దుబాయ్‌లో ఉన్న అన్నయ్య దగ్గరికి ఐదు రోజులకు వెళ్తున్నామని రాశారు. ఇద్దరికీ అరవై దాటాయి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఏవేవి చూపించాలని అడిగారు. మాదీ మీలాగే ఒడిశానే, పర్లాకిమిడి. పదకొండేళ్లు దుబాయ్‌లో ఉద్యోగం చేసి ఊరికి తిరిగొచ్చేశాను. వచ్చేసే ముందు చివరి శీతాకాలంలో మా అమ్మానాన్నలను అక్కడికి పిలిపించుకున్నాను. పలాసలో రైలెక్కి సికింద్రాబాదు, అక్కడి నుంచి విమానం. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

అందరిలాగే నేనూ వాళ్లను ముందు బుర్జ్ ఖలీఫాకే తీసుకెళ్లాను. అది పొరపాటు. మెట్రో స్టేషన్ నుంచి ఆ మేడ పక్కనే ఉన్న దుబాయ్ మాల్‌కు వెళ్లే వంతెనే 820 మీటర్లు. మధ్యలో కదిలే నడకదారి ఉన్నా, మాల్ లోపల తిరగడం దానికి అదనం. ప్రయాణపు బడలిక తీరని అమ్మ గంటన్నరకే కూలబడిపోయింది. ఎంత పెద్ద ఫౌంటెన్ ఆడుతున్నా తల ఎత్తి చూడలేదు.

మర్నాడు క్రీక్‌కు వెళ్లాం. నిజానికి మా వాళ్లకు దుబాయ్ అప్పుడే మొదలైంది. సముద్రం నుంచి ఊళ్లోకి పాయలా చొచ్చుకొచ్చిన ఉప్పునీరు అది. ఒక గట్టు దేరా, మరో గట్టు బర్ దుబాయ్. ఈ మేడలేవీ లేని రోజుల్లో ముత్యాల వ్యాపారమంతా ఈ నీటి మీదే నడిచింది. గట్టు నుంచి గట్టుకు అబ్రా అనే చెక్క పడవ తిరుగుతూ ఉంటుంది, మనిషికి ఒక్క దిర్హామ్. చిల్లర చేతిలో ఉంచుకోండి. ఎక్కేటప్పుడు పడవ ఊగుతుంది కాబట్టి అమ్మగారి చెయ్యి పట్టుకోండి. మధ్యలో బల్ల ఉంటుంది, దాని మీద కూర్చుంటే చాలు.

మా అమ్మ పుట్టిల్లు గునుపురం. చిన్నప్పుడు వంశధారను పడవలో దాటిన సంగతులన్నీ ఆ కాసేపట్లో బయటికి వచ్చాయి. నాన్నకు హిందీ అంతంతమాత్రం. పడవ నడిపే బంగ్లాదేశ్ అబ్బాయితో ఒడియాలో మాట కలిపితే అతను బెంగాలీలో జవాబిచ్చాడు. ఇద్దరికీ చక్కగా అర్థమైంది. బళ్లో చదువుకున్న ఒడియా ఇంత దూరంలో అక్కరకొచ్చిందని నాన్న ఇప్పటికీ చెప్పుకుంటారు. మేము అటూ ఇటూ నాలుగుసార్లు దాటాం.

ఈ గట్టు మీద నాన్నకు ఇంకో సంగతి చెప్పాను, మీరూ చెప్పండి. ఒకప్పుడు ఇక్కడ మన రూపాయే చెల్లేది. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ ప్రాంతం కోసమే ప్రత్యేకంగా నోట్లు అచ్చు వేయించింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక ఆ వాడకం పోయింది. ఇక్కడ చమురు బయటపడిందీ ఆ 1966లోనే. ఆ మాట విన్నాక నాన్న ఆ గట్టును చూసిన చూపే మారింది.

దేరా వైపు దిగితే మసాలా దినుసుల బజారు, దాని తర్వాత బంగారం బజారు. బంగారం ధర ఏ రోజుకారోజు బోర్డు మీద ఉంటుంది, బేరం ఆడాల్సింది మజూరీ దగ్గరే. బర్ దుబాయ్ వైపు అల్ ఫహీదీ పాత పేటను మాత్రం వదలకండి. మా నాన్న నలభై ఏళ్లు తాపీమేస్త్రి. ఆ గోడల్లో పగడపు రాయిని చూసి చేత్తో తడిమారు. ఇళ్ల మీద నాలుగు పలకల గోపురాల్లాంటివి ఉంటాయి, బర్జీల్ అంటారు. ఏ వైపు గాలి వీచినా పట్టుకుని, లోపలి అడ్డుగోడల మధ్య నుంచి కింది గదిలోకి దింపుతాయి. వేడి గాలి మరో వైపు నుంచి పైకి పోతుంది. కరెంటు లేని రోజుల్లో ఎడారిలో మనుషులు బతికిన తీరు అది. నాన్న అక్కడ గంటకు పైగా నిలబడ్డారు. మీ నాన్నగారు ఏ పని చేసేవారో మీరు రాయలేదు. ఆ పనికి సంబంధించినది ఆ ఊళ్లో ఏముందో వెతకండి. చూడవలసినవాటి జాబితాలు వంద చదివినా అంత మేలు జరగదు.

బుర్జ్ ఖలీఫాను నాలుగో రోజు సాయంత్రం మళ్లీ చూపించాను, ఈసారి టాక్సీలో మాల్ గుమ్మం దాకా వెళ్లి. ఎత్తు 828 మీటర్లని చెబితే నాన్న పట్టించుకోలేదు, పునాది సంగతి అడిగారు. భూమిలోకి దింపిన 192 కాంక్రీటు స్తంభాలు (పైళ్లు), 50 మీటర్లకు పైగా లోతు. వేసవిలో కాంక్రీటు తొందరగా గట్టిపడి పగుళ్లు రాకుండా, రాత్రిళ్లు ఐసు కలిపి పోసేవారని చెప్పాను. "ఐసా!" అని ఆ మేడ వంక చాలాసేపు చూశారు. పైకి ఎక్కలేదు. 124వ అంతస్తు నుంచి ఊరిని చూసే టిక్కెట్టు ఖరీదైనది, సూర్యాస్తమయ వేళకైతే ఇంకా ఎక్కువ. నలుగురికీ పెట్టే ఆ డబ్బు గుడి ప్రయాణానికి పెట్టమంటాను.

ఆ గుడి అబూధాబీ దారిలో ఉంది. 2024 ఫిబ్రవరి 14న ప్రారంభించిన స్వామినారాయణ మందిరం. రాజస్థాన్ గులాబీ రాతితో, ఇనుము వాడకుండా కట్టారు. మన జిల్లాలవాళ్లకు అందులో ఒక ప్రత్యేకత ఉంది. ఒకే కప్పు కింద జగన్నాథుడూ వేంకటేశ్వరుడూ వేరువేరు సన్నిధుల్లో కొలువై ఉన్నారు. రథయాత్రకు పూరీ, మొక్కుకు తిరుపతి అనుకుంటూ పెరిగిన మా అమ్మకు అక్కడ మాట రాలేదు. సోమవారాల్లో సందర్శకులను అనుమతించరు, ఆ రోజు తప్పించి పెట్టుకోండి.

ఎడారి విహారం విషయంలో గట్టిగానే చెబుతాను. ఇసుక తిన్నెల మీద కారును ఎగరేస్తూ దూకించే ప్రయాణానికి పెద్దవాళ్లను ఎక్కించకండి. నేను మాట్లాడుకున్న ఏజెంటు "నెమ్మదిగా నడుపుతారు" అని డబ్బు తీసుకున్నాడు. ఎక్కాక డ్రైవరు ఎవరి మాటా వినలేదు. అమ్మకు వాంతులు, నాన్నకు నడుం పట్టేసి మర్నాడంతా మంచం మీదే. ఆ తప్పు నాదే, ముందే రాతపూర్వకంగా అడగాల్సింది. తిన్నెల దూకుడు లేకుండా నేరుగా శిబిరానికి తీసుకెళ్లే ఏర్పాటు అడిగితే కొందరు చేస్తారు. లేదా అన్నయ్య కారులో అల్ ఖుద్రా చెరువులకు వెళ్లండి. ఎడారి మధ్య మనుషులు తవ్విన చెరువులు, చుట్టూ ఇసుక, సాయంత్రం చల్లగాలి. టిక్కెట్టు లేదు. పులిహోర కట్టుకుని వెళితే ఆ పూట హాయిగా గడిచిపోతుంది.

ఊరి అంచునే రాస్ అల్ ఖోర్ అనే చిత్తడినేల ఉంది. శీతాకాలంలో రాజహంసలు గుంపులుగా దిగుతాయి. చిలికాలో చూసినవే కదా అనుకోవద్దు. వెనక ఆకాశహర్మ్యాలు, ముందు గులాబీ రెక్కలు, ఆ దృశ్యం వేరు. దానికీ ప్రవేశ రుసుము లేదు.

గ్లోబల్ విలేజ్ అనే దేశదేశాల సంతను శీతాకాలంలోనే తెరుస్తారు, బాగుంటుంది గాని నడక ఎక్కువ. ఓపిక మిగిలితేనే. మిగిలిన మ్యూజియంలు, పూలతోటలు ఈ విడతకు వదిలేయండి.

మెట్రో పెద్దవాళ్లకు సుఖం, ప్రతి స్టేషన్లో లిఫ్టు ఉంటుంది. లోపల ఏమీ తినకూడదు, నీళ్లూ తాగకూడదు, పట్టుబడితే 100 దిర్హాములు జరిమానా. మీ నాన్నగారికి కిళ్లీ అలవాటుంటే ఆ ఐదు రోజులూ మానుకోక తప్పదు, అక్కడ అది నిషేధం.

ఇంకొకటి, సామాను సర్దేటప్పుడు అమ్మగారి పక్కనే కూర్చోండి. కొడుకు కోసం మసాలా పొడులు పెట్టకుండా ఉండరు. గసగసాలు ఆ దేశంలో పూర్తిగా నిషేధం, పొడిలో కలిపినా ఒప్పుకోరు. మనవైపు కూరల్లో పోస్తో (ఒడియాలో గసగసాలే) లేనిదే గడవదు కాబట్టి ప్రత్యేకించి అడిగి తీయించండి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులకు ముందుగా అనుమతి కావాలి. మోకాళ్లకు ఏం వాడుతున్నారో డాక్టరు చీటీతో సహా అన్నయ్యకు ఇప్పుడే పంపండి. ఆవకాయ మాత్రం నిశ్చింతగా పెట్టుకోండి, మూత మీద రెండు వరసలు టేపు చుట్టి.