పండుగాడితో కబుర్లు పంపకండి

చిన్నీ,

మొన్న కొండాపూర్‌లో మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ ఒక్క గట్టి మాట వినపడలేదు. మీ అమ్మకు అంతా బాగుందనే చెప్పాను. నాకే మనసొప్పలేదు.

శనివారం రాత్రి వంటింట్లోంచి నువ్వు, "పండూ, డాడీని అన్నానికి రమ్మను" అన్నావు. అల్లుడు పదడుగుల దూరంలో ల్యాప్‌టాప్ ముందున్నాడు. "తర్వాత తింటానని మమ్మీకి చెప్పు" అన్నాడు. బొమ్మ బస్సు చంకలో పెట్టుకుని వాడు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. మూడోసారి నీ దగ్గరికొచ్చి, "డాడీ ప్లీజ్ అన్నాడు" అన్నాడు. అల్లుడు ఆ మాట అనలేదు, నేను అక్కడే ఉన్నాను. నాలుగేళ్ల పిల్లాడు మీ మధ్య లేని మంచిమాటను తనే కలిపి మోస్తున్నాడమ్మా.

ముందు అది మానండి. ఈ రోజే.

మేమూ అదే తప్పు చేశాం. నలభై ఏళ్లొచ్చినా మీ అన్నయ్య ఇప్పటికీ మా ఇద్దరి మొహాలూ చూశాకే కూర్చుంటాడు.

ఒక్క రాత్రిలో మనసు విప్పుకోమని చెప్పను. అలిసిపోయిన వేళ మొదలుపెడితే పాత లెక్కలే బయటికొస్తాయి. స్కూల్ ఫీజు, వాడి జలుబు, పాలప్యాకెట్లు... వాట్సాప్‌లో పెట్టే ఆ చిన్న విషయాలే ఎదురుగా వెళ్లి నోటితో చెప్పు. వారం పోయాక ఇద్దరూ బొటానికల్ గార్డెన్‌లో పొద్దున్నే నడవండి. పక్కపక్కన నడుస్తుంటే, ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు వస్తాయి. "నువ్వెప్పుడూ" అని మొదలుపెట్టకు. "నాకు ఒంటరిగా ఉంది" అను, ఆగు. అతను వెంటనే జవాబు చెప్పకపోయినా తొందరపెట్టకు.

ఫ్యామిలీ కోర్టులో పనిచేసినదాన్ని కాబట్టి ఇంకొకటి చెప్తాను. ఇద్దరూ ఒప్పుకుని విడాకులు అడగాలంటే హిందూ వివాహ చట్టం ప్రకారం కనీసం ఏడాది విడిగా ఉండాలి. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తల్లా బతకకపోతే అదీ విడిగా ఉండడమేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. భయపెట్టడానికి కాదు, మీరిప్పుడు ఎక్కడ నిలబడ్డారో తెలియాలని.

ఇద్దరివల్లా కాకపోతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. చివరికి విడిపోవాల్సి వచ్చినా ఆ మాట వాడికి ఇద్దరూ కలిసి చెప్పండి, వాడి తప్పేం లేదని కూడా.

శనివారం సాయంత్రమే వాణ్ణి చిక్కడపల్లి తీసుకొచ్చి నా దగ్గర వదులు, ఆదివారం పొద్దున మీకు తీరికగా ఉంటుంది. బొమ్మ బస్సు మర్చిపోకు, అది లేనిదే నిద్రపోడు.

పెద్దమ్మ