షుగర్ ఫ్రీ సరుకులే తింటున్నా షుగర్ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మా వారి వయసు 58. తొమ్మిదేళ్లుగా మధుమేహం. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, వోగ్లిబోస్ కలిసిన మాత్ర వాడుతున్నారు. నాలుగు నెలలుగా ఇంట్లో షుగర్ ఫ్రీ బిస్కెట్లు, షుగర్ ఫ్రీ చాక్లెట్లు, ‘నో యాడెడ్ షుగర్’ అని రాసిన పండ్లరసం మాత్రమే ఉంచుతున్నాను. అయినా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.1 నుంచి 7.9కి పెరిగింది. చాక్లెట్లు తిన్న రోజు కడుపు ఉబ్బరం, విరేచనాలు. మొన్న పొద్దున బీచ్ రోడ్డులో నడుస్తుండగా చెమటలు పట్టి వణికిపోయారు. దగ్గరున్న డైట్ కూల్‌డ్రింక్ తాగించినా తగ్గలేదు. పక్కనున్నవారు గ్లూకోజ్ నీళ్లు ఇచ్చాక తేరుకున్నారు. వీటితో కేన్సర్ వస్తుందని మా అమ్మాయి భయపడుతోంది. బిస్కెట్ ప్యాకెట్ వెనుక 100 గ్రాములకు కార్బోహైడ్రేట్ 68 గ్రాములు, చక్కెరలు 0.3 గ్రాములు అని ఉంది. ఇవి మానేయాలా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

డాక్టర్ సలహా: ప్యాకెట్ వెనుక అంకెలు రాసి పంపి మంచి పని చేశారు. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

మన దేశంలో 100 గ్రాములకు చక్కెరలు 0.5 గ్రాములు మించకపోతే ‘షుగర్ ఫ్రీ’ అని రాసుకోవచ్చు. మీ బిస్కెట్‌లో ఉన్నది 0.3. కంపెనీ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ నిబంధన చక్కెర గురించే మాట్లాడుతుంది, మైదా గురించి కాదు. మైదా అయినా, గోధుమపిండి అయినా అరిగాక గ్లూకోజే అవుతుంది. అందుకే చక్కెరల వరుస కంటే ముందు కార్బోహైడ్రేట్ వరుస చూడాలి. మీ ప్యాకెట్ ప్రకారం నాలుగు బిస్కెట్లు, అంటే సుమారు 30 గ్రాములు తింటే 20 గ్రాముల కార్బోహైడ్రేట్ లోపలికి వెళ్తుంది. మన ఇంట్లో వేసుకునే మాదిరి ఇడ్లీలు రెండు తిన్నా దాదాపు అంతే. పొద్దున ఇడ్లీలు లెక్కపెట్టి తినే మనిషి సాయంత్రం టీతో ఈ బిస్కెట్లు లెక్క లేకుండా తినడం నేను చాలామందిలో చూస్తుంటాను. ‘షుగర్ ఫ్రీ కదా’ అనే ధీమా చేసే పని అది. ఆ పూట రెండో మూడో బిస్కెట్లు తిని, వాటిని భోజనం లెక్కలో కలుపుకుంటే తప్పు లేదు.

పండ్లరసం సంగతి ఇంకా తేలిక. ‘నో యాడెడ్ షుగర్’ అంటే తయారీలో చక్కెర కలపలేదని మాత్రమే. పండులోని చక్కెర అందులోనే ఉంటుంది. చాలా రసాల్లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల పైనే ఉంటుంది కాబట్టి 200 మిల్లీలీటర్ల ప్యాకెట్‌తో నాలుగైదు చెంచాల చక్కెర తాగినట్టే. పీచు పోయిన రసం కనుక రక్తంలోకి త్వరగా చేరుతుంది. అది మాన్పించి, ఒక జామకాయ ఇవ్వండి.

‘రిఫైన్డ్ షుగర్ లేదు’ అని బెల్లంతో చేసిన చిరుధాన్యాల బిస్కెట్లు, ఖర్జూరం లడ్డూలు కూడా దుకాణాల్లో కనిపిస్తున్నాయి. అనకాపల్లి మన పక్కనే ఉంది, బెల్లం మీద మనకు అభిమానం ఎక్కువ. అయినా బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. విడిగా తూచి ఇచ్చే ‘షుగర్ ఫ్రీ’ మిఠాయిలకు వెనుక పట్టికే ఉండదు కాబట్టి వాటిని నేను నమ్మను. ఆయనకు మాడుగుల హల్వా తినాలనిపిస్తే చిన్న ముక్క పెట్టి, ఆ పూట అన్నం కొంచెం తగ్గించండి. షుగర్ ఫ్రీ పేరుతో అరపావు మిఠాయి తినడం కంటే అది నయం.

చాక్లెట్ల కవరు మీద పదార్థాల జాబితాలో మాల్టిటాల్ అనో, 965 అనే అంకో ఉందేమో చూడండి. సార్బిటాల్ అయితే 420. వీటిని షుగర్ ఆల్కహాల్స్ అంటారు. పేరు చూసి కంగారు పడకండి, మద్యంతో సంబంధం లేదు. ఇవి పేగుల్లో పూర్తిగా ఇంకవు. మిగిలినవి నీటిని లాగుతాయి, పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. మెట్‌ఫార్మిన్ విరేచనాలు కలిగించవచ్చు, వోగ్లిబోస్ గ్యాస్ పెంచుతుంది. ఈ మూడూ ఒకే కడుపులో చేరితే మీరు రాసినట్టే ఉంటుంది. పైగా మాల్టిటాల్ చక్కెర అంత కాకపోయినా గ్లూకోజ్‌ను పెంచుతుంది.

ఇక కేన్సర్ భయం. 2023లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ, డైట్ డ్రింకుల్లో వాడే కృత్రిమ తీపి పదార్థమైన ఆస్పర్టేమ్‌ను ‘కేన్సర్ కారకం కావచ్చు’ అనే వర్గంలో చేర్చింది. అదే సమయంలో నిపుణుల సంఘం రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదన్న పాత పరిమితిని మార్చలేదు. డైట్ డ్రింక్ డబ్బాలో సాధారణంగా ఉండేది 200 నుంచి 300 మిల్లీగ్రాములు. కాఫీలో ఒకటి రెండు తీపి మాత్రలు వేసుకునేవారు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదని మీ అమ్మాయికి చెప్పండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది బీచ్ రోడ్డు సంఘటన. అవి షుగర్ పడిపోయినప్పటి లక్షణాలు. గ్లిమెపిరైడ్ వాడేవారిలో, ముఖ్యంగా మాత్ర వేసుకుని టిఫిన్ తినకుండా నడకకు వెళ్తే, ఇలా జరగవచ్చు. డైట్ డ్రింక్‌లో గ్లూకోజ్ ఉండదు కనుక అది ఆదుకోలేదు. ఇంకొక మెలిక ఉంది. వోగ్లిబోస్ చక్కెరను విడగొట్టే ఎంజైమును అడ్డుకుంటుంది. అందుకే మామూలు చక్కెర గానీ మిఠాయి గానీ ఇస్తే పనిచేయడం ఆలస్యమవుతుంది. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాల తర్వాత పరీక్షించి 70 కంటే తక్కువ ఉంటే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక టిఫిన్ పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఒకవైపు సగటు పెరుగుతూ, మరోవైపు షుగర్ పడిపోతోందంటే మాత్ర మోతాదు, వేళ రెండూ చూసుకోవాలి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఈ వారంలోనే మీ డాక్టర్‌ను కలవండి. మందు మీరుగా ఆపవద్దు. రేపటి నడకకు బయలుదేరేటప్పుడు ఆయన జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం, చేతిలో నీళ్ల సీసా ఉండాలి.