కళింగపట్నం ఒడ్డున చదువుకోవడానికి ఏ పుస్తకాలు తెచ్చుకోవాలి?

మీరు మీ అత్తగారు, ఇద్దరు పిల్లలతో హైదరాబాదు నుంచి రైల్లో వస్తున్నామని, ముందు కళింగపట్నం, ఆ తరువాత చింతపల్లి తీరంలో ఉంటామని, సంచిలో నాలుగైదు పుస్తకాలకు మించి పట్టవని రాశారు. నేను శ్రీకాకుళంలో పుట్టి పెరిగాను. సెలవు దొరికితే పుస్తకం పట్టుకుని ఈ ఒడ్డుకే వెళ్తాను. లావుపాటి నవలలు ఇంట్లోనే ఉంచి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రచయితల కథలు తెచ్చుకోండి. కథలో చదివిన మాట తీరు సాయంత్రం టీ కొట్టు దగ్గర చెవిన పడుతుంటే ఆ కథ ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ అనుభవం ఇంకెక్కడ చదివినా రాదు.

కథలే ఎందుకంటే, సముద్రం దగ్గర ఏకబిగిన చదవడం ఎవరి వల్లా కాదు. పైగా కళింగపట్నంలో వంశధార వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోట నీటి వడి మనం అనుకున్నట్టు ఉండదు. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ దయచేసి పుస్తకం తెరవకండి. వాళ్ళు పైకొచ్చి ఇసుకలో ఆడుకునే అరగంటే మీది. ఆ అరగంటకు సరిపోయేది కథ.

అందుకు నా మొదటి ఎంపిక విజయనగరం చాసో, అంటే చాగంటి సోమయాజులు గారి కథలు. ఒక్క మాట కూడా వృథాగా వాడని రచయిత. 'ఎందుకు పారేస్తాను నాన్నా' ముందు చదవండి. చదువు ఆగిపోయిన కుర్రవాడిని తండ్రి చుట్టలు కొని తెమ్మంటాడు. ఆ కొట్టుకు వెళ్ళాలంటే బడి ముందు నుంచి వెళ్ళాలి. కథంతా ఇంతే. కానీ ఆ కుర్రవాడి సిగ్గు, బడి మీద వాడికున్న ఆశ చదివేవాళ్ళ గొంతులో అడ్డం పడతాయి. అది అయిన వెంటనే రెండో కథ మొదలుపెట్టకండి, కాసేపు అలా నడిచి రండి. 'వాయులీనం' మరో రోజుకు ఉంచుకోండి. జబ్బుపడిన భార్య వైద్యం కోసం ఆమె వాయులీనాన్నే, అంటే వయొలిన్‌నే, అమ్మేసిన భర్త కథ అది.

విశాఖ నుంచి విజయనగరం దాకా రైల్లోనే వస్తారు కాబట్టి, దారిలో అలమండ స్టేషను తగులుతుంది. బండి అక్కడ ఆగకపోయినా బోర్డు కనబడుతుంది. ఆ అలమండను తెలుగు సాహిత్యంలో నిలబెట్టినవాడు రచయిత కె.ఎన్.వై. పతంజలి. 'గోపాత్రుడు'లో భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న మాట మీద ఊరు ఊరంతా రెండుగా చీలిపోతుంది. 'వీరబొబ్బిలి'లో రాజుల దివాణంలోని కుక్కే కథానాయకుడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునే లోపు, మన పరువు ప్రతిష్ఠల గురించి ఆయన ఏమంటున్నాడో తలకెక్కుతుంది. ఈ రెండూ రైలు ప్రయాణానికే పెట్టుకోండి.

చింతపల్లిలో ఉన్నప్పటికి 'కన్యాశుల్కం' సిద్ధంగా ఉంచండి. విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన నాటకం. 1897లో అచ్చయింది. గురజాడ తిరగరాసి 1909లో వేసిన ప్రతే ఇప్పుడు మనం చదువుతున్నది. విజయనగరం బొంకులదిబ్బ దగ్గర మొదలవుతుంది. దాన్ని ఎవరికి వారు మనసులో చదువుకోకండి, తలా ఒక పాత్ర పంచుకుని పైకి చదవండి. ఒకసారి మా ఇంటిల్లిపాదీ సరుగుడు చెట్ల నీడలో చాప పరుచుకుని, గిరీశం మంచం కిందకు దూరే రంగం, పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకుని వచ్చే రంగం చదివాం. మధురవాణి మాటలు మా పెద్దమ్మ చదివింది. ఆవిడ గొంతులో అంత కొంటెతనం ఉందని అంతవరకు మాలో ఎవరికీ తెలియదు. పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చేతిలో పని ఆపి, మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాడు. చదివాం. మీ అత్తగారికి తప్పకుండా మంచి పాత్ర ఇవ్వండి.

ఏ పేజీ తెరిచినా చదువుకోగలిగే పుస్తకం ఒకటి కావాలంటే, ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. 1830లో మద్రాసు నుంచి పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరిన మనిషి, మజిలీ మజిలీకి దారి ఎలా ఉంది, నీళ్ళు, సరుకులు దొరికాయా అని రాసుకుంటూ పోయాడు. తిరుగు ప్రయాణం గంజాం మీదుగా మన శ్రీకాకుళం వైపే. భాష పాతది, మొదట్లో నిదానంగా సాగుతుంది. రోజుకు రెండు మూడు మజిలీలు చాలు.

పిల్లలకు ముళ్ళపూడి 'బుడుగు' ఒక్కటి చాలు, బాపు బొమ్మలతో సహా ఉన్నదే తీసుకోండి. ఇంకా చోటుంటే రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' పెట్టుకోండి. మద్యనిషేధం రోజుల్లో పోలీసులు, కోర్టులు, సారా అమ్ముకునే పేదలు ఎలా ముడిపడి ఉండేవారో ఆయన చెప్పినట్టు మరొకరు చెప్పలేదు.

ఒకటి రెండు జాగ్రత్తలు. ఎండలో ఫోను తెర మీద అక్షరాలు కనబడవు, కాగితం పుస్తకమే తెండి. గ్రంథాలయం పుస్తకం మాత్రం వద్దు. ఉప్పుగాలికి కాగితాలు మెత్తబడతాయి, కుట్టులో దూరిన ఇసుక ఎంత దులిపినా పోదు. మధ్యాహ్నం గాలికి పేజీలు నిలవవు కాబట్టి బట్టలు ఆరేసే క్లిప్పులు రెండు వేసుకోండి.

కారా మాస్టారి, అంటే కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' కథ గురించి చెప్పలేదేమని మీరు అడగవచ్చు. అది ఒడ్డున చదివే కథ కాదని నా గట్టి అభిప్రాయం. ఒక అప్పు మీద ఊరి పంచాయితీలో జరిగే వాదనంతా పట్టి పట్టి చదవాలి, మధ్యలో పిల్లలు పిలిస్తే అందులోని లెక్క జారిపోతుంది. దానికి బదులు తిరుగు ప్రయాణంలో శ్రీకాకుళంలో ఒక పూట ఆగి, ఆయన 1997లో స్థాపించిన కథానిలయం చూడండి. తెలుగు కథ అచ్చయిన పత్రికలు, సంపుటాలు ఎక్కడెక్కడివో తెచ్చి అక్కడ పోగుచేశారు. 'యజ్ఞం' ఇంటికి వెళ్ళాక తీరికగా చదవండి. చదివాక మీకేమనిపించిందో నాకు చెప్పండి. దాని ముగింపు న్యాయమా కాదా అని మా ఇంట్లో ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నాం.