ఇంజన్ ఆగింది సరే, బోటు ఆగింది ఎక్కడ?

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లా, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో ఉన్న తెలుగు మత్స్యకార గ్రామం. పారాదీప్‌లో ఉంచే మా మరబోటు గత అక్టోబరులో వేటకు వెళ్ళి, ఇంజన్ చెడి, నీటివాలుకు కొట్టుకుపోయి బంగ్లాదేశ్ నౌకాదళానికి చిక్కింది. టన్నుకు పైగా ఇలస (పులస జాతి) చేప ఐసులోనే పోయింది. సరంగుగా (బోటు నడిపేవాడిగా) వెళ్ళిన మా తమ్ముడితో కలిపి ఏడుగురు బాగేర్‌హాట్ జైల్లో ఉన్నారు. మా అమ్మ అన్నం ముట్టడం లేదు. రెండు దేశాల వేట నిషేధం ఇప్పుడు ఒకే కాలంలో ఉంటోంది కదా, మరి మనవాళ్ళది తప్పెలా అవుతుంది? కటక్ హైకోర్టులో కేసు వేస్తే విడిపిస్తారా? బోటు తుఫానులో మునిగిందని చెబితే బీమా వస్తుందని ఒకాయన అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలున్నా, కేసును తేల్చే సంగతి అందులో లేదు. పట్టుబడిన సమయానికి బోటు ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీద ఉందో మీరు ఎక్కడా రాయలేదు.

ముందు నిషేధం గురించిన అపోహ వదిలించుకోండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆపుతాం. బంగ్లాదేశ్ మే 20 నుంచి జూలై 23 వరకు 65 రోజులు ఆపేది. దాంతో జూన్ మధ్య నుంచి వారి బోట్లు ఒడ్డున కట్టేసి ఉండగా మన బోట్లు సముద్రంలో తిరిగేవి. అవి సరిహద్దు దాటి తమ చేపను పట్టుకుపోతున్నాయని అక్కడి జాలర్లు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 2025లో వారు తమ నిషేధాన్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 వరకు, అంటే 58 రోజులకు మార్చుకున్నారు. చేపల సంతతికి ఇది మేలు, ఎందుకంటే ఇలసకు సరిహద్దు లేదు. మీకు మాత్రం అవతలి నీటిలో వల వేసే హక్కు దీనివల్ల రాలేదు. మనమూ పొరుగువారూ ఒకే వేళకు తలుపులు తీసినంత మాత్రాన వారి పెరట్లో మామిడికాయలు కోసుకోలేం కదా. రెండు దేశాల సముద్ర సరిహద్దును హేగ్ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ 2014 జూలై 7న తేల్చింది. అది దాటి వేటాడవచ్చనే ఒప్పందం ఏదీ లేదు. పైగా అక్టోబరులో ఇలస గుడ్లు పెట్టే కాలమని బంగ్లాదేశ్ విడిగా మరో 22 రోజుల నిషేధం పెడుతుంది. గస్తీ గట్టిగా ఉండేది అప్పుడే.

ఇక చోటు ఎందుకు ముఖ్యమో చెబుతాను. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి. దాని 73వ అధికరణ ప్రకారం ప్రత్యేక ఆర్థిక మండలంలో (ప్రాదేశిక జలాలు దాటాక, 200 నాటికల్ మైళ్ళ దాకా ఆ దేశానికే వేట హక్కు ఉండే సముద్రంలో) వేట నిబంధనలు మీరిన విదేశీ బోటును పట్టుకోవచ్చు కానీ, తగిన పూచీ చూపితే బోటునూ మనుషులనూ వెంటనే వదలాలి. ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప జైలు శిక్ష వేయకూడదు. ఆధార రేఖ (తీరం వెంట దూరాలు కొలిచే గీత) నుంచి 12 నాటికల్ మైళ్ళ లోపలి ప్రాదేశిక జలాల్లో ఈ రక్షణ వర్తించదు. మన 1981 చట్టమూ విదేశీ బోట్ల విషయంలో ఇదే తేడా చూపుతుంది: లోపల వేటాడితే మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు, బయట ఆర్థిక మండలంలో జరిమానాయే. కాబట్టి పదమూడో మైలుకూ పదకొండో మైలుకూ మధ్య మీ తమ్ముడి భవిష్యత్తు ఉంది.

ఇంజన్ చెడిందన్న వాదన చట్టంలో లేకపోలేదు. ఆపదలో చిక్కి పరాయి జలాల్లో ఆగిన నౌకకు ఒప్పందమే మినహాయింపు ఇస్తుంది. అయితే ఆపదలో ఉన్నవాడు కేకవేసినట్టు రుజువు కావాలి. వైర్‌లెస్‌లో 16వ ఛానెల్‌పై పిలిచారా? కోస్ట్‌గార్డు 1554 నంబరుకు ఎవరైనా ఫోన్ చేశారా? మీరేమో ఐసులో టన్నుకు పైగా ఇలస ఉందని బాధపడుతూ రాశారు. ఆ ఒక్క వాక్యం చాలు, ఎదుటి ప్లీడరుకు వేరే సాక్ష్యం అక్కరలేదు. ఆ చేప మన నీటిలోనే పట్టినదైతే దాన్ని చూపగలిగిందీ బోటు నడిచిన దారి రికార్డే.

మీ అజాగ్రత్త గురించి అనక తప్పదు. మీరు పంపిన కాగితాల్లో కళాసీల (బోటులో పనిచేసేవాళ్ళ) పేర్లు డీజిల్ బిల్లు వెనక పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. మీ తమ్ముడితో కలిపినా అందులో ఆరు పేర్లే ఉన్నాయి, మీరు చెబుతున్నది ఏడుగురిని. ఆ ఏడో మనిషి భారతీయుడని ఎవరు రుజువు చేయాలి? జాతీయత ధ్రువీకరణ తేలనిదే దౌత్య కార్యాలయం అడుగు ముందుకు వేయలేదు.

బోటు మునిగిందన్న మాట నోట రానివ్వకండి. పరాయి దేశపు కోర్టు రికార్డులో జప్తు వస్తువుగా నమోదైన బోటు తుఫానులో మునిగిందని బీమా కంపెనీకి రాసి ఇస్తే, అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం, ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరం. తమ్ముడు అక్కడి జైల్లో, మీరు ఇక్కడి జైల్లో ఉంటే అమ్మను చూసేవారు ఎవరు?

చేయవలసింది ఇది. బోటులోని జీపీఎస్ వారి చేతిలో ఉంది. ట్రాన్స్‌పాండర్ (బోటు ఉన్న చోటును ఒడ్డుకు తెలిపే పరికరం) బిగించి ఉంటే దాని సంకేతాల రికార్డు ఒడ్డున ఉంటుంది. దానికోసం మత్స్యశాఖకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, వెంటనే సమాచార హక్కు కింద కూడా అడగండి. మీ బోటుతో కలిసి వెళ్ళిన బోట్ల జీపీఎస్ దారిని చెరిగిపోకముందే ఫొటోలు తీయించి, వారి సరంగులచేత ప్రమాణ పత్రాలు రాయించండి. ఏడుగురి ఆధార్, మత్స్యకార గుర్తింపు కార్డులు, బోటు రిజిస్ట్రేషన్, లైసెన్సు కలిపి మెరైన్ పోలీసు స్టేషన్లోనూ కలెక్టరు కార్యాలయంలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి, విదేశాల్లో చిక్కుకున్నవారి ఫిర్యాదులు తీసుకునే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లోనూ నమోదు చేయండి. బాగేర్‌హాట్‌కు దగ్గరి భారత సహాయ హైకమిషన్ ఖుల్నాలో ఉంది. స్థానిక వకీలును వారి ద్వారానే పెట్టించుకోండి. త్వరగా బయటపడవచ్చన్న ఆశతో ప్రాదేశిక జలాల్లో వేటాడామని మీవాళ్ళు ఒప్పుకోకూడదని ఆ వకీలుతో ముందే చెప్పించండి.

కటక్ హైకోర్టు ఢాకాను ఆదేశించలేదు. మన ప్రభుత్వం కదలకపోతే దాన్ని కదిలించమని మన రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేయవచ్చు, అంతవరకే. 2025 జనవరిలో 95 మంది మన జాలర్లు, 90 మంది వారి జాలర్లు మార్పిడి జరిగినప్పుడు బోట్లు కూడా చేతులు మారాయి. అది రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుని చేసిన పని, కోర్టు తీర్పు కాదు.

బీమా కంపెనీకి జరిగింది జరిగినట్టు ఈ వారమే స్పీడ్ పోస్టులో తెలియజేయండి. ఇన్నాళ్ళు ఆగడమే పొరపాటు. ప్రభుత్వాలు పట్టుకున్న బోటుకు పరిహారం లేదనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, కనుక పాలసీ పూర్తి ప్రతి తెప్పించి చదివించండి. వారు కాదంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే గడువు వ్యాజ్య కారణం (దావాకు ఆధారమైన సంగతి) పుట్టిన నాటి నుంచి రెండేళ్ళు. ఆ తర్వాత మీరు ఎన్ని ఉత్తరాలు రాసినా గడువు పెరగదు, కాబట్టి తిరస్కరణ లేఖ వచ్చిన కవరును తపాలా ముద్రతో సహా దాచండి.